మిత్రలాభం, మార్కుల నష్టం

"బడ్డీ" అన్న మాట తెలుగువాడికి కొత్త కాదు. వీధి మలుపులో నాలుగు రాళ్ళ మీద నిలబెట్టిన చెక్క కొట్టు, ముందు వేలాడే అరటి గెల, పక్కన సోడా బుడ్లు, లోపల మఠం వేసుకుని కూర్చున్న ఆసామి - అదీ బడ్డీ. మా ఓరుగల్లులో దాన్నే పాన్ డబ్బా అంటాము. అందుచేత మొన్న మా బి.ఏ. విద్యార్థి ఒకడు వచ్చి, "సార్, బడ్డీ సినిమాల మీద గూడ జర రాయున్రి" అని అడిగినప్పుడు, పక్క కుర్చీలో పేపర్లు దిద్దుతున్న మా సంస్కృతం మాస్టారు కళ్ళజోడు పైకి నెట్టి, "ఏమిటీ, పాన్ డబ్బా మీద కూడా సినిమా తీశారా?" అన్నారు. పాపం, ఆయన తప్పేమీ లేదు. మాట మనదే, అర్థం ఊరు మారింది.

ఇంగ్లీషులో బడ్డీ అంటే దోస్తు. ఇద్దరో ముగ్గురో దోస్తులు, వారికొక పెద్ద చిక్కు, అందులోంచి బయటపడడానికి కొంత పరుగు, కొంత దెబ్బలాట, దారి పొడుగునా వేళాకోళం - ఇదీ ఆ జాతి చిత్రానికి లక్షణం. ‘ఫార్టీ ఎయిట్ అవర్స్’ (1982), ‘లీథల్ వెపన్’ (1987) వంటి చిత్రాలతో అమెరికావారు దీన్నొక అచ్చులో పోసి లోకానికి అమ్మారు. అయితే సరుకు మాత్రం మన ఇంట్లో ఏనాటినుంచో ఉన్నదే. పంచతంత్రంలోని మిత్రలాభం గుర్తు చేసుకోండి. తాబేలు వేటగాడికి దొరికిపోయింది. లేడి చెరువు గట్టున చచ్చినట్టు పడుకుంది. కాకి దాని తల మీద వాలి కళ్ళు పొడుస్తున్నట్టు నటించింది. వేటగాడు ఆశపడి తాబేలును కింద పెట్టి అటు పరుగెత్తాడు. ఈలోగా ఎలుక తాళ్ళు కొరికేసింది. తాబేలు నీళ్ళలోకి, లేడి అడవిలోకి, కాకి ఆకాశంలోకి! ఇందులో పోరాటం లేదా? హాస్యం లేదా? స్నేహం లేదా? చిన్నయసూరిగారు 1853లో ‘నీతిచంద్రిక’గా దీన్ని మనకు అందించారు. బళ్ళో బట్టీ పట్టించారు గనుక మనకది వినోదంగా తోచలేదు, అంతే.

వెండితెర మీదా ఈ వరస ఉన్నదే. 1951లో ‘పాతాళభైరవి’లో తోటరాముడి పక్కన అంజి లేకపోతే సాహసం సగమై పోయేది. 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చింది. రామారావుగారికది నూరవ చిత్రం, నాగేశ్వరరావుగారికి తొంభైతొమ్మిదవది. అంతటి ఇద్దరు నాయకులుండగా పేరు మాత్రం సూర్యకాంతంగారి పాత్రకు దక్కింది. "ఇందులో కథేముందీ?" అని ఆనాడే పెదవి విరిచినవారున్నారు. ఆరు దశాబ్దాలు దాటినా ఆ లేని కథనే మనం పండుగ నాడు టి.వి. ముందు కూర్చుని చూస్తున్నాము.

ఇక నేటి మాటకు వద్దాము. ఒకే ఇంటినుంచి వచ్చిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ప్రేక్షకులకూ విమర్శకులకూ మధ్య జరిగే తగవు చక్కగా తెలిసివస్తుంది.

మొదటిది ‘దేవదాస్’. శరత్‌బాబు దేవదాసు కాదు సుమండీ, ఇందులో దేవుడొకడు, దాసుడొకడు. 2018 సెప్టెంబరు 27న వచ్చింది. వైజయంతీ మూవీస్ వారి నిర్మాణం, శ్రీరామ్ ఆదిత్య దర్శకత్వం, మణిశర్మ సంగీతం. దేవా అనే మాఫియా నాయకుడుగా నాగార్జున, దాస్ అనే అమాయక డాక్టరుగా నాని. గుండు దెబ్బ తిన్న దొంగను డాక్టరు కాపాడతాడు. చంపేవాడికీ బతికించేవాడికీ స్నేహం కుదురుతుంది. ఆలోచన ఎంతో ముచ్చటైనది. విమర్శకులు ఏమన్నారు? జోడీ బాగా కుదిరింది, ఇద్దరూ కలిసి కనిపించినంతసేపూ హాయిగా ఉంది, కథలో మాత్రం బిగువు చాలదు అన్నారు. ప్రేక్షకులూ ఇంచుమించు అదే అన్నారు. చూశారు, నవ్వారు, ఇంటికి వెళ్ళి మరిచారు. అంత పెద్ద తారలున్న చిత్రం ఆశించినంతగా నిలవలేదు.

రెండవది ‘జాతిరత్నాలు’. 2021 మార్చి 11, మహాశివరాత్రి నాడు వచ్చింది. అదే కుటుంబానికి చెందిన స్వప్న సినిమా పేరుతో దర్శకుడు నాగ్ అశ్విన్ నిర్మించాడు. దర్శకుడు అనుదీప్ కె.వి.; అంతకు ముందు 2016లో ‘పిట్టగోడ’ అనే చిన్న చిత్రం తీసినవాడు. నవీన్ పోలిశెట్టి, ప్రియదర్శి, రాహుల్ రామకృష్ణ ముగ్గురు దోస్తులు. సంగారెడ్డి జిల్లా జోగిపేటనుంచి ఉద్యోగాల కోసమని పట్నం పోతారు. అక్కడ ఒక శాసనసభ్యుడి మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. చివరికి బ్రహ్మానందంగారు న్యాయమూర్తిగా కూర్చున్న కోర్టులో తమ గోడు తామే చెప్పుకుంటారు. ఇక్కడా విమర్శకులు ఏమన్నారు? ముగ్గురి జోడీ అద్భుతం, మాటలు చురుకు, కథ పలుచన, రెండో సగంలో నడక తగ్గింది అన్నారు. ఎక్కువ మార్కులు వేసినవారు కూడా ఈ ఫిర్యాదు మాత్రం మానలేదు. కాని ప్రేక్షకులు? విరగబడి చూశారు. తక్కువ ఖర్చుతో తీసిన చిత్రం ఘన విజయమై కూర్చుంది.

రెండింటి మీదా విమర్శ సారాంశం ఒకటే: స్నేహం బాగుంది, కథ లేదు. ఫలితాలు మాత్రం ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఎందువల్ల?

మా విద్యార్థి నడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "కథ ఎవలికి గావాలె సార్? నవ్వొచ్చింది, నవ్వినం. పైసా వసూల్!" ఈ జవాబు బాగానే ఉంది గాని చాలదు. నవ్వు రావడమే కారణమైతే ‘దేవదాస్’లోనూ నవ్వు వచ్చింది గదా?

నాకు తోచిన మొదటి కారణం కాలం. 2020 మార్చిలో మహమ్మారి వచ్చి సినిమా హాళ్ళకు తాళాలు పడ్డాయి. ఏడాది చివర తలుపులు సగం తెరిచారు, 2021 ఫిబ్రవరిలో పూర్తిగా తెరవనిచ్చారు. ఆ మార్చిలో జనం ఎలా ఉన్నారు? ఏడాదిపాటు ఇంట్లో నాలుగు గోడలు చూసి, ఫోనులో చావు కబుర్లు విని, పక్కవాడు దగ్గితే ఉలిక్కిపడి, విసిగి వేసారి ఉన్నారు. అటువంటివారికి ముగ్గురు పనిలేని కుర్రాళ్ళు ఎదురై, ఏ నీతీ చెప్పకుండా, ఏ బాధా పెట్టకుండా రెండున్నర గంటలు నవ్వించారు. మళ్ళీ ఏప్రిల్ చివరికి హాళ్ళు మూతపడ్డాయి. మే 12 నుంచి రాష్ట్రంలో లాక్‌డౌన్. ఆ రెండవ ఉధృతిలో ఎందరిళ్ళు చీకటయ్యాయో మీకు వేరే చెప్పనక్కరలేదు. రెండు తుఫానుల నడుమ వచ్చిన ఒక్క ఎండపొద్దు ఆ చిత్రం. ఆనాడు హాల్లో మన పక్కన కూర్చుని మాస్కు జారిపోయేలా నవ్విన మనిషి ఇవాళ మన మధ్య లేకపోతే, ఆ నవ్వుకు మార్కులు వేయడం ఎవరి తరం?

రెండవ కారణం స్నేహంలోని తూకం. ‘దేవదాస్’లో ఒకరు సింహం, ఒకరు కుందేలు. ఎంత స్నేహమైనా సింహం సింహమే. పైగా ఇద్దరూ పేరున్న నాయకులు. ఎవరికెన్ని పాటలు, ఎవరికెన్ని చప్పట్లు అని అభిమానులు త్రాసు పట్టుకుని కూర్చుంటారు. త్రాసు పట్టుకున్న చేతితో చప్పట్లు ఎలా కొడతారు? ‘జాతిరత్నాలు’లో ముగ్గురూ సమానులు, ముగ్గురి దగ్గరా ఏమీ లేదు గనుక సమానులు! ఉద్యోగం లేదు, తెలివి లేదు, ఆ తెలివి లేదన్న తెలివి కూడా లేదు. మన పరమానందయ్య శిష్యులు పన్నెండుమంది. వారిలో ముగ్గురు గురువుగారి దగ్గర సెలవు తీసుకుని పట్నం బస్సెక్కారనుకోండి. తెలుగువాడికి ఈ వరస పరిచయమైనదే. 1966లో రామారావుగారితోనే ‘పరమానందయ్య శిష్యుల కథ’ తీసి మెప్పించిన జాతి మనది. అంతేకాక, డిగ్రీ చేతబట్టుకుని ఇంట్లో కూర్చున్న కొడుకో, మేనల్లుడో లేని మధ్యతరగతి ఇల్లు ఎక్కడుంది? తల్లిదండ్రులకు ఆ ముగ్గురిలో ఒకడు తమవాడే అనిపించాడు. రోజూ దిగులు పుట్టించే కొడుకు ఆ పూట నవ్వు పుట్టించాడు. అది చిన్న ఉపకారం కాదు.

మూడవ కారణం నవ్వు స్వభావం. భరతముని నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు తరగతులుగా విభజించాడు. స్మితం, హసితం ఉత్తములవి. విహసితం, ఉపహసితం మధ్యములవి. అపహసితం, అతిహసితం అధములవి. పళ్ళు కనపడకుండా పెదవి కొస విరిస్తే స్మితం. కళ్ళలో నీళ్ళు తిరిగి, డొక్కలు పట్టుకుని దొర్లితే అతిహసితం. మన విమర్శకుడు సహజంగా ఉత్తముడు. నోట్‌బుక్కు తీసుకుని స్మితంతో కూర్చుంటాడు. నేల తరగతి, బాల్కనీ తేడా లేకుండా జనం అతిహసితంలో ఉంటారు. ఇద్దరూ ఒక్క హాల్లోనే ఉన్నా చూసే చిత్రాలు రెండు. అదే ముని మరో మాట కూడా అన్నాడు: నవ్వు ఆత్మస్థమనీ పరస్థమనీ రెండు విధాలు. తనలో తాను నవ్వుకునేది ఒకటి, ఇతరులను నవ్వించేది ఇంకొకటి. ఒకడు చింతకాయ కొరికితే చూసేవాడి నోట నీళ్ళూరినట్టు, నవ్వు మనిషినుంచి మనిషికి పాకుతుంది. దీనికి రుజువు కూడా దొరికింది. నెల తిరిగేసరికి ‘జాతిరత్నాలు’ ఇళ్ళలోని తెరలకు వచ్చింది. హాల్లో చూడనివారు ఇంట్లో, ఒక చేత్తో కూర తరుగుతూ చూశారు. "దీనికా ఇంత గోల?" అన్నవారు మా బంధువుల్లోనే అరడజనుమంది తేలారు. చిత్రం అదే, మాటలు అవే. మారింది పక్కనుండే నాలుగు వందలమంది మాత్రమే. విందు భోజనం ఎంత రుచైనదైనా కారియర్లో ఇంటికి తెచ్చుకుంటే ఆ పంక్తి రాదు గదా!

ఇంతవరకు ప్రేక్షకుల పక్షం చెప్పాను గనుక విమర్శకులకు తీసిపారేయదగ్గవారని ముద్ర వేయకండి. వారి మాటకూ కాలమే సాక్ష్యం చెప్పింది. ఆ దర్శకుడే 2022లో శివకార్తికేయన్‌తో ‘ప్రిన్స్’ తీశాడు. అదే అమాయకత్వం, అదే అడ్డదిడ్డపు సమాధానాలు. ఈసారి జనం అంతగా నవ్వలేదు. కథ పలుచనగా ఉందన్న హెచ్చరిక మొదటిసారి చప్పట్లలో వినపడలేదు, రెండోసారి నిశ్శబ్దంలో వినిపించింది. మంచి విమర్శకుడు డాక్టరు వంటివాడు. పెళ్ళి పందిట్లో నిలబడి "మీకు చక్కెర ఎక్కువుంది" అంటే ఎవరికీ నచ్చదు. అంతమాత్రాన చక్కెర లేకుండా పోతుందా?

విమర్శకులు బొత్తిగా దారి తప్పిన సందర్భాలూ లేకపోలేదు. దోస్తుల సినిమాలన్నింటికీ తలమానికమైన ‘షోలే’ 1975 ఆగస్టు 15న విడుదలైనప్పుడు కొందరు పెద్ద విమర్శకులు దాన్ని తీసిపారేశారు. మొదటి రోజుల్లో జనమూ మౌనంగానే చూశారు. ఆ మౌనం అయిష్టమో ఆశ్చర్యమో ఎవరికీ అర్థం కాలేదు. తరవాత నోటి మాట పాకింది. బొంబాయి మినర్వా హాల్లో అయిదేళ్ళకు పైగా ఆడింది. ఆ ఏటి ఫిల్మ్‌ఫేర్ బహుమతుల్లో దానికి దక్కింది కూర్పుకు ఒక్కటే! జై, వీరూల స్నేహానికి బహుమతి ఇచ్చింది జనమే.

అయితే ‘షోలే’కు వారాల వ్యవధి దొరికింది. ఇవాళ ఆ వ్యవధి లేదు. గురువారం రాత్రి అమెరికాలో ఆట వేస్తారు, శుక్రవారం మనం పళ్ళు తోముకునేసరికి అయిదుకు ఇన్నని మార్కులు వచ్చి ఉంటాయి. పేపర్లు దిద్దే వృత్తిలో ఉన్నాను గనుక చెబుతున్నాను, మార్కు అనేది మహా మోసకారి. మూడు మార్కులు వచ్చిన కుర్రవాడు అన్నింటికీ సగం సగం రాశాడా, లేక మూడు ప్రశ్నలకు బంగారంలా రాసి రెండు వదిలేశాడా? అంకె చెప్పదు. ఇద్దరు కుర్రాళ్ళూ ఒకటి కారు. మన రెండు చిత్రాల సంగతీ అంతే. 2024లో తమిళ నిర్మాతల సంఘమొకటి, సినిమా వచ్చిన మూడు రోజులదాకా సమీక్షలు రాకుండా ఆపమని మద్రాసు హైకోర్టును కోరింది. కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే న్యాయం. డబ్బిచ్చి టిక్కెట్టు కొన్నవాడి నోరు కట్టేయడం ఎక్కడి ధర్మం? కావలసింది నోరు మూయించడం కాదు, అంకె వెనక ఉన్న నాలుగు వాక్యాలు చదవడం మనం నేర్చుకోవడం.

చివరిగా మా ఊరివాళ్ళకు ముఖ్యమైన ఒక సంగతి. ‘జాతిరత్నాలు’ గురించి అందరూ పడి పడి నవ్వుతూ చెప్పుకుంటుంటే మా కాలేజీలో ఒక మేడమ్‌గారు మాత్రం నవ్వలేదు. "మన మాట వినపడితేనే జనం నవ్వుతున్నారు సార్. ఇది గౌరవమా?" అని అడిగారు. ఆ ప్రశ్న ఏ సమీక్షలోనూ నా కళ్ళబడలేదు గాని, వేయదగిన ప్రశ్న. తెలంగాణ మాటను మన సినిమా చాలాకాలం దుష్టుడికీ హాస్యగాడికీ అప్పగించింది. 1985లో ‘ప్రతిఘటన’లో కోట శ్రీనివాసరావుగారు మంత్రి కాశయ్యగా ఆ యాసను ఎంత గొప్పగా పలికినా, పలికింది దుర్మార్గుడి నోటనే గదా! నాయకుడు మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. దాని ఫలితం తరగతి గదిలో నేను రోజూ చూస్తున్నాను. వసారాలో గలగలా మాట్లాడే పిల్ల, లేచి జవాబు చెప్పమంటే గొంతు మార్చుకుంటుంది. మారిన గొంతులోంచి జవాబు సగమే వస్తుంది.

ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఇక్కడికి దగ్గరలోని పాలకుర్తిలో పుట్టిన సోమనాథుడు జాను తెనుగు కోసం ద్విపద పట్టాడు. మా కాళోజీ జీవితమంతా జనం పలుకుబడి కోసం పోరాడాడు. ఆయన పుట్టిన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఇటువంటి నేల మీద ఆ మేడమ్‌గారి ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకోవడం కుదరదు.

నేను చెప్పిన జవాబు ఇది. నవ్వు ఎక్కడ పడుతున్నదో చూడాలి. ఒక హాస్యపు మాటను యాస తీసేసి గుంటూరు మాటలోనో, విశాఖ మాటలోనో పెట్టి చూడండి. అప్పుడూ నవ్వు వస్తే నవ్వు మాటలోని చమత్కారానిది. రాకపోతే మనం నవ్వింది ఆ మనిషి పుట్టిన ఊరిని చూసి. ‘జాతిరత్నాలు’లో ఎక్కువ పాలు మొదటి రకమే. కుర్రాళ్ళ గొప్పలు, కోర్టులో వారి ధీమా, ఏమీ తెలియకపోయినా అన్నీ తెలిసినట్టుండే ఆ ముఖాలు - ఇవి ఏ యాసలోనైనా నవ్విస్తాయి. కథానాయకుడు మన మాటలోనే ప్రేమిస్తాడు, భయపడతాడు, తండ్రితో తిట్లు తింటాడు, చివరికి గెలుస్తాడు. మాట అతనికి వేషం కాదు, ఊపిరి. అక్కడక్కడ రెండో రకం నవ్వు లేకపోలేదు. ఆ మేరకు మేడమ్‌గారిదే న్యాయం. ఆవిడ కూడా ఈ తూకానికి సరేనన్నారు. "సరేగాని, ఈసారి మన మాట మాట్లాడే తెలివైనోన్ని గూడ హీరోగా పెట్టమనున్రి" అని చురక మాత్రం వేశారు.

అందుచేత, ఈసారి దోస్తుల సినిమా ఏదైనా వస్తే మార్కులు చూసి మానేయకండి, మార్కులు చూసి ఎగబడకండి. సమీక్ష చదవండి, కుటుంబంతో హాలుకు వెళ్ళండి, నవ్వు వస్తే దాచుకోకండి. ఇంటికి వచ్చాక అన్నం దగ్గర పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: మనం వాళ్ళతో కలిసి నవ్వామా, వాళ్ళను చూసి నవ్వామా? ఆ జవాబు వెతుక్కునే కుటుంబంలో ప్రేక్షకుడూ విమర్శకుడూ ఒకే కంచంలో తింటారు.